పొట్లం విప్పి చేసిన కేకు

వంటింటి తగవుల్లో కొత్తవి బహు తక్కువ. కొత్తదనుకున్నదాన్ని కాస్త గీకి చూస్తే అడుగున పాతదే కనిపిస్తుంది. బజారులో అన్నీ కలిపి అమ్మే కేకు పిండి తెచ్చుకుని, నీళ్ళూ నూనే పోసి, ఓవెన్‌లో పెట్టి తీస్తే అది మనం చేసిన కేకు అవుతుందా, అవదా? గులాబ్ జామ్ పొట్లం సంగతేమిటి? నాలుగు బిస్కెట్టు పొట్లాలు పొడి కొట్టి, పాలు పోసి కుక్కరులో పెట్టినదాన్ని ఏమనాలి? "తినేదానికి ఇంత విచారణ ఎందుకమ్మా" అంటారేమో. తిని ఊరుకునే మాటైతే నేనూ కలం పట్టేదాన్ని కాదు. మా పేటలో ఈ ప్రశ్న ఒక ఇల్లాలి సంపాదన మీదికి వచ్చింది.

ఆవిడ మా రాజమండ్రిలోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త ఉద్యోగం పోయిన దగ్గర నుంచి ఇంట్లో కేకులు చేసి అమ్ముతోంది. గుడ్డు వేయని కేకులు. గుడ్డు ముట్టని ఇళ్ళు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి కనుక పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ బేరాలు బాగానే వచ్చేవి. ఆర్డరు ఇవ్వడానికి వెళ్ళిన ఒక మహా ఇల్లాలు వంటింటి మూల అయిదు కిలోల ప్రీమిక్సు సంచీ చూసింది. చూసి ఊరుకోక ఫోటో తీసి, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టింది, "ఇంట్లో చేసినవి అంటున్నారు, ఇదిగో చూడండి" అని. ఆ వారంలో మూడు ఆర్డర్లు రద్దయ్యాయి. మూడు కేకులంటే మీకూ నాకూ మూడు కేకులే. ఆ ఇంట్లో అది పిల్లవాడి బస్సు ఫీజు.

మా వదిన ఇటువంటి వాటిలో కఠినమైన న్యాయాధికారి. "సంచీలో పిండి ఎవరైనా కలుపుతారు. దాన్ని కేకు చేయడం అని ఎందుకంటారూ? కేకు వేడిచేయడం అంటే సరిపోతుంది" అంది.

"సంక్రాంతికి పూతరేకులు నేనే చేశానని ఇంటింటికీ పంచిపెట్టావు గదా వదినా, ఆ రేకులెక్కడివి?" అన్నాను.

"ఆత్రేయపురం నుంచి తెప్పించాను. అయితే? రేకులు ఇంట్లో ఎవరు తీస్తారే?" అంది, నేనేదో వెర్రి ప్రశ్న వేసినట్టు.

వెర్రి ప్రశ్నే, ఎందుకంటే ఆ సంగతిలో మనకెవరికీ పట్టింపు లేదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఒక్క లాగే. చెయ్యి తడబడితే చిరుగు, ఆలస్యమైతే మాడు. పూతరేకులో అసలు విద్య అంతా అక్కడే ఉంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ చేతుల చలవే. మనం చేసేదల్లా వందల లెక్కన రేకులు కొని, నెయ్యి రాసి, బెల్లమో పంచదారో చల్లి మడత పెట్టడం. అయినా "మా ఇంట్లో చేశాం" అని ధీమాగా చెప్పుకుంటాం, వినేవాళ్ళు మెచ్చుకుంటారు. కేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంచీకి ఫోటో తీస్తాం.

ఇంతకీ కేకు విద్యలో హద్దు ఎక్కడ గీయాలి? 1747లో అచ్చయిన హన్నా గ్లాస్ అనే ఆంగ్ల రచయిత్రి వంటల పుస్తకంలో, పౌండు కేకుకు అన్నీ కలిపి ఒక గంటసేపు చేత్తో గిలకొట్టమని ఉంది. పొంగాలంటే చేతి సత్తువతో గాలి ఎక్కించాలి, లేదా ఈస్టు వేసి పులియబెట్టాలి. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన, ఈస్టు పడని భార్య కోసం బేకింగ్ పౌడరు తయారుచేశాడు. (భార్యకు పడదని ఇంత శ్రమపడ్డ మగవాణ్ణి ఇక్కడ ఒక్క వాక్యంలో దాటేయడం నాకిష్టం లేదు గాని, స్థలం లేదు.) 1845లో బ్రిస్టల్ నగరపు హెన్రీ జోన్స్ ఇంకో అడుగు వేసి, పొంగించే దినుసు ముందే కలిపిన పిండికి పేటెంటు తీసుకున్నాడు. అంటే, ఇవాళ "ఒక చెంచా బేకింగ్ పౌడరు" అని చదివి నిశ్చింతగా వేసే ప్రతి ఇల్లాలూ హన్నా గ్లాస్ లెక్కన గంట పని ఎగ్గొట్టినట్టే. ఆవిడను మాత్రం ఎవరూ నిలదీయరు. మన అమ్మలు మరమిల్లు పిండి వాడడం మొదలుపెట్టినప్పుడు అమ్మమ్మలు, "తిరగలి పిండి రుచి దీనికెక్కడిదీ" అని మూతి విరిచారు. ఆ అమ్మలే ఇప్పుడు గ్రైండరును చూసి మూతి విరుస్తున్నారు. హద్దు ఎప్పుడూ మనం నిలబడ్డ చోటికి ఒక్క అడుగు ఇవతలే ఉంటుంది!

ఈ తగవును తెగ తిన్నవాళ్ళు అమెరికావాళ్ళు. అక్కడ పిట్స్‌బర్గ్‌లో డఫ్ అనే కంపెనీకి మొలాసిస్ వ్యాపారం. ఆ మొలాసిస్‌ను ఆరబెట్టి, పిండిలో కలిపి, నీళ్ళు పోస్తే చాలు అల్లం కేకు అయ్యేలాంటి పొడి కనిపెట్టి, 1933లో పేటెంటు పొందారు. రెండేళ్ళకు, 1935లో, ఇంకో పేటెంటు పుచ్చుకున్నారు. ఇందులో విశేషమేమిటంటే, గుడ్డు పొడి తీసేసి, తాజా గుడ్డు ఇల్లాలినే వేసుకోమన్నారు. కొనేవాళ్ళకు అదే ఇష్టంగా కనిపిస్తోందని ఆ కాగితంలోనే వ్రాసుకున్నారు. తరువాత 1950లలో ఎర్నెస్ట్ డిచ్‌టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, 'ఇల్లాలికి ఏ పనీ మిగల్చకపోతే ఆవిడకు తప్పు చేసినట్టుంటుంది, కనీసం గుడ్డు కొట్టనివ్వండి' అన్నాడనీ, ఆ మాటతోనే కేకు పొట్లాల అమ్మకాలు పెరిగాయనీ ఒక కథ ఉంది. కథ బాగుంది కాబట్టి అందరూ చెబుతారు. కాని తాజా గుడ్డు సంగతి అంతకు ఇరవై ఏళ్ళ ముందే డఫ్‌వారి కాగితంలో ఉంది. పైగా తాజా గుడ్డు వేస్తే కేకు నిజంగానే బాగుంటుంది. ఆడవాళ్ళు ఏదైనా రుచి తెలిసి చేస్తే దానికి మనస్తత్వ శాస్త్రం ఎందుకు అడ్డు పెడతారో నాకర్థం కాదు.

అంతమాత్రాన మా వదిన వాదం ఉత్తదని కొట్టివేయలేను. ఆవిడ అన్న మరో మాటకు నా దగ్గర సమాధానం లేదు. "పొట్లంతో అరిసెలు చెయ్యి చూద్దాం" అంది. నిజమే. బియ్యం నానబోసి, వాడ్చి, చెమ్మ ఉండగానే దంచిన తడిపిండి కావాలి. పొడిపిండి పాకంలో పోస్తే అరిసె విరిగి ముక్కలవుతుంది, లేదా రాయి అవుతుంది. పాకం ఏ నిమిషాన దింపాలో పొట్లం మీద వ్రాయలేరు. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసుకోవలసిందే. కొన్ని వంటల్లో అడ్డదారి లేదు, కొన్నింటిలో ఉంది. ఉన్నచోట కూడా అది కొంతమేర పనినే తప్పిస్తుంది. కేకు సంచీలో మైదా, పంచదార, పిండిపదార్థం, పాలపొడి, పొంగించే సోడా రకం, నూనెనూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయరు ఉంటాయి. గుడ్డు లేని లోటు తీర్చేది ముఖ్యంగా ఈ చివరిదే. కొలతలన్నీ కంపెనీవాళ్ళే చూసేశారు. మిగిలినవి మన చేతిలోవి. ఎక్కువసేపు కలిపితే మైదా సాగి కేకు గట్టిపడుతుంది. టిన్ను చిన్నదైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఓవెన్ 180 డిగ్రీలని చూపిస్తూ నిజంగా ఎంత వేడెక్కుతోందో, పొయ్యి దగ్గర నిలబడి వాసన పట్టినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే ఒకే సంచీ పిండితో ఒకరి కేకు దూదిలా, ఇంకొకరి కేకు పీటలా వస్తుంది.

పొట్లంతోనే మొదలుపెట్టి పొట్లంతోనే ఆగిపోయినవాళ్ళకు ఒక నష్టం ఉంది. కేకు చెడితే ఎందుకు చెడిందో వాళ్ళకు తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో బిస్కెట్టు కేకు ఇంటింటా వెలిసింది చూడండి, బేకరీలు మూసేసి, పిల్లల పుట్టినరోజులు మాత్రం ఆగక. గ్లూకోజు బిస్కెట్ల పొడి, పాలు, పొంగడానికి ఒక ఈనో పొట్లం. గాస్కెట్టూ వెయిటూ తీసేసిన కుక్కరులో అడుగున ఇసుకో ఉప్పో పోసి, సన్నని సెగ మీద పెట్టడం. చాలామందికి బాగానే వచ్చింది, కొందరికి చదునుగా పడిపోయింది. ఈనోలో సోడా, సిట్రిక్ ఆమ్లం రెండూ ఉన్నాయి. పాలు తగలగానే నురగంతా అప్పుడే వచ్చేస్తుంది. అది వేసి ఫోను మాట్లాడి వచ్చేలోగా గాలి పోతుంది. అదీగాక బిస్కెట్టులోని మైదా అప్పటికే ఒకసారి కాలినది, కొత్త పిండిలా పట్టు ఉండదు. అందుకే ఆ కేకు రుచిగా ఉన్నా పొడిపొడిగా రాలుతుంది. రెండు చెంచాల పచ్చి మైదా కలిపితే కాస్త నిలుస్తుంది. ఇంత తెలుసుకుని చేసిన పిల్లను "నువ్వు కేకు చేయలేదు" అని ఎలా అంటాం?

ఇక అమ్మకం సంగతి. ఇంట్లో పిల్లలకు పెట్టే కేకు విషయంలో ఎవరికీ ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. డబ్బు పుచ్చుకున్నప్పుడు మాత్రం అడిగే హక్కు కొనేవాళ్ళకుంది. మా పేట ఆవిడ 'ఇంట్లో చేసినది' అంది. ఆవిడ ఇంట్లో, ఆవిడ ఓవెన్‌లో, ఆవిడే కలిపి, కాల్చి, చల్లార్చి, క్రీము పూసి, పేరు వ్రాసి ఇచ్చింది. అందులో అబద్ధం లేదు. 'పిండి మొదలుకొని అన్నీ నేనే కలుపుతాను' అని ఉంటే అబద్ధమయ్యేది. ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. ఫోటో తీసినావిడ అడగవలసిన ప్రశ్న మరొకటుంది. ఆ సంచీ మీద ఏమేమి వ్రాసి ఉన్నాయి? తూకంలో ఎక్కువున్న దినుసు ముందు, తక్కువున్నది తరువాత వ్రాయాలని మన దేశంలో నియమం. ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు లేదని అర్థం. పాలు లేవని మాత్రం అర్థం కాదు. పాలు పడని పిల్లవాడికి ఆ చుక్క చూసి కేకు పెడితే ఆసుపత్రికి పరుగెత్తవలసి రావచ్చు. కేకు అమ్మే ఇల్లాలికి ఇవన్నీ కంఠతా రావాలి, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషను నంబరూ ఉండాలి.

నేను వెళ్ళి ఆవిడతో ఇదే చెప్పాను. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. నంబరు తన దగ్గర ఉందనీ, అడిగినవాళ్ళెవరూ లేరనీ అంది. ఆ సాయంత్రమే సంచీ మీది దినుసుల పట్టీని శుభ్రంగా తెలుగులో వ్రాసి, "పిండి ప్రీమిక్సు, కాల్చడమూ అలంకరణా నావి" అని తన ఆర్డరు కార్డు మీద చేర్చి, అదే వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రద్దయిన మూడింటిలో రెండు తిరిగి వచ్చాయి.

మా వదిన ఇంకా ఒప్పుకోలేదు. "అయితే రేటు తగ్గించాలి గదా" అంటుంది. ప్రీమిక్సు కిలో మైదా కంటే ఖరీదని నేను లెక్క వేసి చూపిస్తే, "లెక్కలు నాకు చెప్పకు" అని కసిరి, మనవడి పుట్టినరోజుకి కిలో చాక్లెట్టు కేకు చెప్పి రమ్మంది. పైన వాడి పేరులో 'శ్రీ' మరిచిపోవద్దని కూడా చెప్పమంది.