బస్సు సీటు మీద తువ్వాలు

దిగులుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ మాత్రను ‘మెదడులో తగ్గిన సెరటోనిన్‌ని భర్తీ చేసే మందు’ అని చెప్పేయడం మనకు అలవాటైపోయింది. కానీ మందులు పనిచేసే తీరు వేరువేరు. బీపీకి వాడే ప్రొప్రనొలాల్ అయితే బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు బీటా రిసెప్టర్‌ని ఆక్రమించి అడ్రినలిన్‌కి చోటివ్వదు. ఫ్లూఆక్సెటిన్ పని ప్రధానంగా అలా రిసెప్టర్‌ని ఆక్రమించడం కాదు. నాడీకణం వదిలిన సెరటోనిన్‌ని మళ్లీ లోపలికి లాక్కునే పంపుకి అడ్డుపడుతుంది. ఈ పని గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు! లోటు ఒక్కటే జబ్బయితే ఇంత ఆలస్యం దేనికి? ఈలోగా రిసెప్టర్లు తమ స్పందనను సర్దుకుంటాయన్నది ఒక వివరణ. లోటు కథ కన్నా ఈ ఆలస్యం సంగతి రోగికి ముందే చెప్పడం నయం. పది రోజులకే ‘పనిచేయట్లేదు’ అని మాత్ర పక్కన పెట్టేసేవాళ్లు దయచేసి ముందు డాక్టరుతో మాట్లాడండి.