టీవీలో పుస్తకం చూస్తే చదివినట్టేనా?



పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిపోయాక మన సంఘంలో పెద్దాయన, రిటైరైన పంతులుగారు, నన్ను చెట్టు కిందికి పిలిచి ఒక మాట అడిగారు. "అయ్యగారూ, మన క్రైస్తవ చానళ్లు ఇన్ని ఉన్నాయి గదా. వారానికి ఒక్క అరగంట మంచి పుస్తకాల గురించి కార్యక్రమం పెట్టమని మీ సేవకులంతా కలిసి ఒక ఉత్తరం రాయకూడదా? మామూలు చానళ్లలో ఎట్టాగూ రావు." ఆయన మంచి మనసుతోనే అడిగారు. సరే చూద్దాం లెండి అని నేను తప్పించుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ ఉత్తరం మీద నేను సంతకం పెట్టలేననిపించింది. ఎందుకు పెట్టలేనో ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఇది చదువుతారు, మనవడి ఫోన్లో. పంతులుగారూ, కోపం తెచ్చుకోవద్దు.

పుస్తకాల కార్యక్రమం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. నేనూ కొన్ని చూశాను. రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, బల్ల మీద పూలకుండీ, ఒకాయన చేతిలో పుస్తకం. ఆ పుస్తకాన్ని కెమెరా వైపు తిప్పి పట్టుకుంటారు. అట్ట కనిపిస్తుంది. "అద్భుతంగా రాశారండీ" అని ఈయన, "మీ అభిమానం" అని ఆయన. మధ్యలో సబ్బు ప్రకటన. అరగంటలో ఒక్క పేజీ కూడా నిదానంగా చదివి వినిపించినవాళ్లను నేను చూడలేదు. చూసినవాడికి ఆ రచయిత ఊరూ, అవార్డులూ, ముఖమూ తెలుస్తాయి. పుస్తకంలో ఏముందో తెలియదు. కానీ తెలిసినట్టు ఉంటుంది. ఆ "తెలిసినట్టు" ఉండటమే నా భయం.

మన భక్తి చానళ్లు ఇంతకంటే నయమా? ప్రసంగీకుడు నల్లట్ట బైబిలు చేతిలో పట్టుకుంటాడు, ఒక్క వచనం తెర కింద అక్షరాల్లో పోతుంది, ఆయన గ్రంథం మూసి నలభై నిమిషాలు మాట్లాడతాడు. మంచం మీద కూర్చుని చూస్తున్న మనకు వాక్యం విన్నామనే తృప్తి. మన బైబిలు మాత్రం ఫ్రిజ్ మీద గుడ్డ కప్పుకుని ఉంటుంది.

ఇతరుల మీద రాళ్లు వేసేముందు నా సంగతి ఒప్పుకోవాలి. మన మందిరంలో ప్రొజెక్టరు, తెర పెట్టించింది నేనే. ముసలివాళ్లకు అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని పెట్టాను. ఆదివారం వచనం తెర మీద వేస్తే అందరూ తలెత్తి చూస్తారు. మొదట్లో ఎంత సంతోషించానో. ఏడాది తిరిగేసరికి బైబిళ్లు తెచ్చుకునేవాళ్లు తగ్గిపోయారు. మొన్న యౌవనస్థుల కూడికలో తెర ఆపేసి హబక్కూకు తియ్యమన్నాను. గలగలమని పేజీల చప్పుడు రావాలి గదా, రాలేదు. ఫోన్లు తీశారు. ఫోన్లో వెతకడం తప్పని కాదు. కానీ పదిహేడేళ్ల పిల్లవాడొకడు ఆ నాలుగు వరుసలు పైకి చదవలేక, కూడబలుక్కుని, సిగ్గుతో ఆగిపోయాడు. ఆ పిల్లవాడు ఇంటర్ పాసయ్యాడు.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. చలికాలం, రాజు యెహోయాకీము ముందు నిప్పుల కుంపటి. యెహూది గ్రంథపు చుట్ట చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చిన్నకత్తితో ఆ ముక్క కోసి కుంపట్లో వేస్తాడు. చుట్టంతా అట్లాగే అయిపోతుంది. విన్నవాళ్లెవరూ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు టీవీ గుర్తొస్తుంది, ఈమధ్య ఫోన్లో వచ్చే నిమిషం వీడియోలు కూడా. విన్నంత విని, కోసి, పారేయడం. గ్రంథం మొత్తం మన ఎదుట నిలబడి మనల్ని అడిగే అవకాశం ఇవ్వకపోవడం.

టీవీ పనికిరానిదని నేను అనడం లేదు. మన పల్నాడు పొలాల్లోనూ ఇటు పర్చూరు, ఇంకొల్లు నల్లరేగళ్లలోనూ ఈటీవీ అన్నదాత చూడని రైతు ఉన్నాడా? మన రైతులు దాన్ని చూసి కొత్త రకాలు వేశారు, కొత్త పద్ధతులు నేర్చుకున్నారు. ఆ పేరుతో పత్రిక 1969లోనే మొదలైందని, టీవీ తర్వాత వచ్చిందని చాలామందికి గుర్తులేదు. అది మంచి కార్యక్రమం అని ఎందుకంటున్నాను? అది చూసినవాడు మరుసటి రోజు పొలంలోకి దిగుతాడు. చూడటం చేతిపనిగా మారుతుంది. పుస్తకం కార్యక్రమం చూసినవాడు మరుసటి రోజు ఎక్కడికి దిగాలి? మన ఊళ్లో పుస్తకం ఏది?

ఆ పొలంలో కూడా టీవీ ఎక్కడిదాకా తోడొస్తుందో చెప్తాను. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మిరప తోటలు పూతలోనే పోయిన సంగతి మీకు చెప్పక్కర్లేదు, చాలామంది ఇంకా ఆ అప్పుల్లోనే ఉన్నారు. అప్పుడు మన సంఘంలో ఒక తమ్ముడు టీవీలో మందు పేరు విని, అరచేతి మీద రాసుకుని, కొట్టుకు పోయాడు. ఆ మందు లేదు, ఇది ఇంకా బాగా పనిచేస్తుందని వేరేది ఇచ్చారు. డబ్బా మీద ఎర్ర త్రిభుజం ఉంది. ఎరుపు అంటే అన్నిటికంటే విషం, దాని తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లోపల మడతపెట్టిన కాగితంలో తెలుగులోనే ఉంది, ఎంత కలపాలో, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలనీ, గాలికి ఎదురు కొట్టొద్దనీ. చీమ తలకాయంత అక్షరాలు. ఆయన చదవలేడు. ఏడో తరగతి చదివే కూతుర్ని చదవమన్నాడు. ఆ పిల్ల అక్షరాలన్నీ పలికింది. "ఏం రాశారమ్మా?" అంటే, "ఏమో నాన్నా, అర్థం కాలా" అంది. మధ్యాహ్నానికి ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయాం. దేవుని కృపవల్ల బతికాడు.

టీవీ ఆయన్ని కొట్టు గుమ్మం దాకా తీసుకుపోయింది. అక్షరం దగ్గర వదిలేసింది. నాకు పుస్తకాల చర్చ అంటే ముందు ఆ కాగితమే గుర్తొస్తుంది. పంతులుగారు కథలూ కవిత్వమూ అంటున్నారు, నేను పురుగుమందు కాగితం అంటున్నాను. రెండూ ఒకటే. కథలు చదవడం అలవాటైన పిల్ల ఆ కాగితాన్ని అర్థం చేసుకుని ఉండేది.

పుస్తకాల కార్యక్రమాలు బయటి దేశాల్లో పనిచేశాయి గదా అని కొందరంటారు. నిజమే, పనిచేశాయి. ఫ్రాన్సులో బెర్నార్ పివో అనే ఆయన 1975 నుంచి 1990 దాకా శుక్రవారం రాత్రిళ్లు రచయితలను కూర్చోబెట్టి మాట్లాడించాడు, జనం పుస్తకాల షాపులకు పోయి కొన్నారు. అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రీ 1996లో తన షోలో పుస్తకాల క్లబ్బు పెడితే ఆమె పేరు చెప్పిన పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోయాయి. కానీ అక్కడ టీవీ కట్టేశాక నడిచిపోవడానికి ఒక షాపు ఉంది, ఊళ్లో ఒక గ్రంథాలయం ఉంది. మనకు? సాయంత్రం టీవీలో ఒక పుస్తకం బాగుందని విన్న మిరపకోత కూలీ అక్క దాన్ని చూడాలంటే విజయవాడ ఏలూరు రోడ్డుకు పోవాలి. రానూపోనూ చార్జీ, ఒక రోజు కూలీ పోయినట్టే. నీళ్లు లేని చేలో నిలబడి స్ప్రింక్లరు గురించి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది.

మనది మొదటినుంచీ ఇట్లాంటి నేల కాదు. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పెట్టారు. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి పునాది వేశారు. పాత పత్రికల కోసం ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవ రేవుకు వస్తే రైతులు పుస్తకం మార్చుకుని పోయేవాళ్లు. కరెంటు లేని రోజుల్లో! టీవీ గురించి ఎవరూ విని ఉండని రోజుల్లో ఈ పని చేసినవాళ్లు ఉత్తరాలు రాసి ఊరుకోలేదు, పడవ కట్టారు.

మరి డబ్బు లేదంటారా? ఉంది, మీరే కడుతున్నారు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చాలాచోట్ల వసూలు చేసినవాళ్లు జమ చేయకుండా బకాయి పెడుతున్నారని పత్రికల్లో తరచూ వస్తూనే ఉంది. మూడు వందల గడప ఉన్న ఊరు, ఇంటికి సగటున ఐదు వందల పన్ను అనుకోండి. ఏడాదికి పన్నెండు వేలు. పదేళ్లలో ఒక గది నిండా పుస్తకాలు. మన ఊళ్లో ఆ గది ఏదని నేను ఇన్నేళ్లలో ఒక్క గ్రామసభలో అడగలేదు. మీరు అడిగారా? చర్చికి ప్రహరీ గోడ కావాలని మాత్రం నాలుగుసార్లు అర్జీ ఇచ్చాం.

మన సేవకుల్లో కొందరికి ఒక మాట అలవాటు. "బైబిలు చాలు, మిగతా పుస్తకాలు లోకసంబంధమైనవి." ఎంత భక్తిగా వినిపిస్తుందో! పౌలు ఈ మాట అనలేదు. చెరసాలలో, చలికాలం ముందు, చావు ఎదురుగా ఉండగా తిమోతికి రాసిన రెండో పత్రికలో ఏం తెమ్మన్నాడు? త్రోయలో వదిలేసిన అంగీ, పుస్తకాలు. ముఖ్యంగా చర్మపు కాగితాలు. అంగీ పక్కనే పుస్తకాలు. ఒంటికి చలి ఎట్లాగో, మనసుకూ చలి వేస్తుందని ఆయనకు తెలుసు. బైబిలు చాలు అనే అన్నలను నేను అడిగేది ఒక్కటే: ఆ బైబిలైనా మన పిల్లలు చదవగలుగుతున్నారా?

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాగారిని తలుచుకుంటే నాకు ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే ఉద్యోగం. అంటే తెర శక్తి ఏమిటో ఆయనకు మనందరికంటే ముందే తెలుసు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పిల్లలకు చెప్పాడు, పద్యాలు రాశాడు. గబ్బిలం 1941లో వచ్చింది. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ తెర మీది బొమ్మలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆయన పద్యాలు నోటికి వచ్చినవాళ్లు మన మధ్యలోనే ఉన్నారు. కానీ మన సంఘంలో క్రీస్తు చరిత్ర ఎవరింట్లో ఉంది? నాకు తెలిసి ఒక్క ఇంట్లో, పంతులుగారి ఇంట్లోనే. మనవాడే, మన జిల్లావాడే, మన ప్రభువు గురించే రాశాడు. అయినా మనకు కరుణామయుడు సినిమాలో విజయచందర్ ముఖం గుర్తున్నంతగా ఒక్క పద్యం గుర్తులేదు.

చదువు రాని అవ్వల మాటేమిటి అని అడుగుతారు. విశ్వాసం వినడం వల్లే గదా! అవును. గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు ఎంత తక్కువమందో ఊహించుకోవచ్చు. మన తాతలను ఊరి బడిలోకి రానివ్వని కాలం అది. మన అవ్వలు విని, పాటలు కంఠస్థం చేసి, విశ్వాసాన్ని మనదాకా మోసుకొచ్చారు. వాళ్లను తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ వాళ్లకు వినిపించింది ఎవరు? పల్లెలో పాక వేసుకుని, పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి లాంతరు పెట్టి గ్రంథం చదివిన ఉపదేశి. ఎజ్రా నీటి గుమ్మం దగ్గర తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా చదివితే లేవీయులు జనం మధ్య తిరుగుతూ అర్థం చెప్పారు. చదివేవాడు పక్కనే ఉన్నాడు. అడిగితే జవాబు చెప్పేవాడు. ఐతియోపీయుడి రథం పక్కన ఫిలిప్పు పరుగెత్తినట్టు. తెరలో ఉన్నవాడు మన రథం పక్కన పరుగెత్తడు. మనకు అర్థమైందో లేదో వాడికి అక్కర్లేదు, అడగడు.

అందుకని పంతులుగారూ, ఆ ఉత్తరం వద్దు. మీకు నేనొక పని అడుగుతున్నాను. మందిరం వెనక గదిలో ఒక స్టీలు బీరువా ఖాళీగా ఉంది, కుర్చీ కవర్లు పెట్టుకునేది. వాటిని మా ఇంటికి మారుస్తాను. శనివారం సాయంత్రం మీరు ఆ గదిలో గంటసేపు కూర్చోండి. మిరపకోతలు అయ్యేదాకా ఏడున్నరకు పెట్టుకుందాం, కూలికి పోయినవాళ్లు వచ్చి స్నానాలు చేసుకునే టైము గదా. మొదటి వారం నా దగ్గర ఉన్న ఇరవైమూడు పుస్తకాలు తెస్తాను. మీ క్రీస్తు చరిత్ర కూడా ఇవ్వాలి, తిరిగి ఇప్పించే పూచీ నాది. ఆ ఏడో తరగతి పిల్ల ఇప్పుడు పెద్దదైంది, వాళ్ల నాన్నతో మాట్లాడాను, వస్తానంది.

సంఘస్థులకు మనవి. వచ్చే ఆదివారం నుంచి వాక్యపఠనం అప్పుడు తెర ఆపేస్తాం, బైబిళ్లు తెచ్చుకోండి. కళ్లు కనపడని పెద్దల పక్కన ఒక పిల్లవాడు కూర్చుని చదివి వినిపిస్తాడు. ఆరాధన అయ్యాక వెంటనే వెళ్లిపోవద్దు. మీ ఇంటి పన్ను రసీదులు, ఈ ఏడాదివీ పోయినేడాదివీ, దొరికితే పాతవి కూడా, తీసుకురండి. అన్నీ కలిపి ఒక అర్జీ రాసుకుని, వచ్చే గ్రామసభకు అందరం కలిసి పోదాం.