ముట్టుకుంటే మాసిపోయే కారు

మొన్నొక పుస్తకావిష్కరణ అయ్యాక బయట టీ తాగుతూ నిలబడ్డాం. ఒక కవి మిత్రుడు నా చేతివంక చూసి, "గోళ్లలో ఆ నలుపేంటి బ్రదర్?" అన్నాడు. గ్రీజు అన్నాను. పొద్దున కారు సీట్లు విప్పాను, సబ్బుకి పోలేదు అన్నాను. "అంత కారు కొన్నవాడివి, మెకానిక్‌కి ఇచ్చుకోలేవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మిత్రుడి కవితల్లో కారిన చెమటంతా పడితే ఓ బకెట్ నిండుతుంది. శ్రామికుల చేతుల మీద ఒక దీర్ఘకవిత కూడా రాశాడు. నా చేతికంటిన నలుపు మాత్రం ఆయనకి డబ్బుల్లేనితనంలా కనబడింది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు ఆ "అంత కారు" సంగతి. ఇరవై ఏళ్లు దాటిన జర్మన్ సెడాన్. కంపెనీ పేరు చెప్పను, చెబితే మాటలన్నీ బానెట్ మీది బొమ్మ చుట్టూ తిరుగుతాయి. కొన్నది ఇంచుమించు కొత్త బుల్లెట్ బండి ధరకి. ఎందుకంత చవక అంటే, ఈ కార్లంటే జనానికి భయం. "కొనడం తేలికే, మేపడం కష్టం" అంటారు, ఏనుగు గురించి చెప్పినట్టు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఎలా పుట్టిందో నాకు పోయినేడాది జులైలో తెలిసింది.

వర్షాలు మొదలైన రెండో వారం. రాత్రి ఒంటిగంటకి కారు తనంతట తనే లాక్ అవుతోంది, తీసుకుంటోంది, మళ్లీ లాక్ అవుతోంది. ఒకరోజు పొద్దున చూస్తే నాలుగు అద్దాలూ దిగిపోయి ఉన్నాయి. ఇంకోరోజు బ్యాటరీ చచ్చిపోయింది. పక్క ఫ్లాట్ ఆంటీ గాలి సోకిందేమో, నిమ్మకాయ కట్టించమంది. నేను సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు లాప్‌టాప్ తగిలించి, ఒక గంట తర్వాత ఎస్టిమేట్ ఇచ్చాడు. కంఫర్ట్ కంట్రోల్ మాడ్యూల్ కొత్తది, దానికి కోడింగ్, వైరింగ్ సెట్టు, లేబర్. మొత్తం నేను కారు కొన్న ధర కంటే ఎక్కువ. ఎందుకు పోయిందని అడిగాను. "ఏజ్ సర్" అన్నాడు. ఇంకొంచెం గుచ్చితే గొంతు తగ్గించి, "మేం లోపల బాగుచేయకూడదు సర్, మార్చడమే" అన్నాడు. బీటెక్ మెకానికల్ అట. నాలుగేళ్లు చదివింది ఎస్టిమేట్లు ప్రింటు తీయడానికి. అతని మీద నాకు కోపం లేదు. కారు ముట్టుకునే హక్కు అతనికీ లేదు.

మా వీధి చివర ఒక షెడ్డుంది. అక్కడి భాయ్ బండి చుట్టూ కూడా తిరగలేదు. డోర్ తీసి, వంగి, ముందు సీటు దగ్గర కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు వచ్చాయి. పైన తడుముతే పొడిగానే ఉంది, అడుగున మందపాటి ఫోమ్ స్పాంజిలా తాగేసి కూర్చుంది. తలెత్తి సన్‌రూఫ్ వైపు చూశాడు. "చెట్టు కింద పెడ్తరా సార్?" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ ముందు కానుగ చెట్టు. "గిది నేనెందుకు, మీరే చేస్కోవచ్చు. ఆదివారం పొద్దుగాల మొదలువెట్టుండ్రి" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

ఆ రోజు ఆయన నాకు చెప్పింది మీకూ చెప్తాను. సన్‌రూఫ్ అనేది నీళ్లు చొరకుండా ఆపే మూత అనుకుంటాం. కాదు. నీళ్లు లోపలికి వస్తాయనే లెక్కతోనే దాన్ని కట్టారు. అద్దం చుట్టూ ఒక గాడి ఉంటుంది, మన పెంకుటింటి చూరు కింద రేకు గొట్టంలాగ. గాడి మూలల్లోంచి సన్నటి ట్యూబులు స్తంభాల లోపలినుంచి కిందికి దిగి, చక్రాల దగ్గర బయటికి వదులుతాయి. కానుగ పూల రేకులు, వేప పూత, హైదరాబాద్ దుమ్ము కలిసి ఆ ట్యూబు మూతిని మూసేస్తాయి. గాడి నిండుతుంది, నీళ్లు లోపలికి పొర్లుతాయి, కార్పెట్ కిందికి చేరతాయి. సరిగ్గా అక్కడే, కాళ్లు పెట్టుకునే చోట, తాళాల్నీ అద్దాల్నీ ఆడించే కంప్యూటర్ పెట్టెను అమర్చిన మహానుభావులున్నారు. ఆ తరం జర్మన్ కార్లు కొన్నిటికి ఇది ఊరందరికీ తెలిసిన జబ్బు.

మందు: గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ, రెండు మీటర్లు. పైనుంచి ట్యూబులోకి నెమ్మదిగా తోయాలి. గాలి మిషన్ పెట్టి ఊదకూడదు. పైన జాయింటు ఊడిందంటే ఈసారి సీలింగ్ గుడ్డ మొత్తం విప్పాలి. తీగ అవతలికి వచ్చాక మూలలో ఓ గ్లాసు నీళ్లు పోసి చక్రం దగ్గర చూడండి. నల్లటి కషాయం లాంటిది కారుతుంది. అది చూసినప్పటి ఆనందం ఏ సాహిత్య సభలోనూ నాకు దొరకలేదు, క్షమించాలి.

తర్వాతి పని కాస్త పెద్దది. సీటుకి నాలుగు బోల్టులు, మామూలు పానాకి లొంగవు, నక్షత్రం ఆకారపు బిట్టు కావాలి. రాణిగంజ్‌లో దొరికింది. సీటు కింద పసుప్పచ్చ కనెక్టరుంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ తీసి, కాసేపాగి అప్పుడు ముట్టాలి. నేను బ్యాటరీ తీశాను, అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. మధ్యలో అద్దం ఎక్కిద్దామని బ్యాటరీ మళ్లీ తగిలించి తాళం తిప్పాను. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఇక ఆరలేదు. భాయ్ స్కానర్ పెట్టి ఆర్పి మూడు వందలు, నాలుగు తిట్లు వసూలు చేశాడు. ఫోమ్ డాబా మీద మూడు రోజులు ఆరింది. పెట్టె విప్పితే లోపల పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము, అమ్మమ్మ ఇంట్లో వాడని రాగిచెంబు మీద పట్టినట్టే. చింతపండు పెట్టి తోమకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ చాలు. ఒక పిన్ను సగం తినేసి ఉంది, దానికి సోల్డరింగ్ పెట్టాను, వేలు కూడా కాల్చుకున్నాను. కంప్యూటర్ బతికింది. మొత్తం ఖర్చు, స్కానర్ జరిమానాతో కలిపి, రెండు వేలు దాటలేదు.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇందులో గొప్పేమీ లేదన్నదే నా గొడవ. మా నాన్న గుమాస్తా. చేతక్ స్కూటర్ ఉండేది. స్టార్ట్ కాకపోతే ఒక పక్కకి వంచేవాడు. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, నోటితో ఊది మళ్లీ బిగించేవాడు. ఆఫీసు చొక్కాతోనే. ఆ తరం గుమాస్తాలు, టీచర్లు చాలామందికి అది వచ్చు, ఎవరూ సిగ్గుపడలేదు. మరి సిగ్గు ఎప్పుడొచ్చింది? కారు వచ్చినప్పుడు. అదీ ఖరీదైన కారు వచ్చినప్పుడు. మన దగ్గర లగ్జరీ అంటే తోలు సీటు కాదు, మెత్తటి సస్పెన్షన్ కాదు. ముట్టుకోనక్కరలేకపోవడం. తుడిచేది ఒకరు, నడిపేది ఒకరు, విప్పేది ఇంకొకరు. ఈ ఏర్పాటు మనకి ఎక్కడిదో నేను చెప్పాలా? పనిముట్టు పట్టేవాడిని ఊరి చివర ఉంచిన సమాజానికి ఈ రకం సుఖం ఇట్టే అర్థమవుతుంది.

దసరాకి చూడండి. కారుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ పగలగొట్టడం. ఆయుధపూజ అంటాం. బానెట్ తెరిచి కూలెంట్ ఎంతుందో చూసినవాడు ఎవడైనా ఉన్నాడా? జి.డి. నాయుడు మన తెలుగువాడే అని వాట్సాప్‌లో గర్వంగా పంపుకుంటాం. ఆయన కథ మొదలయ్యేది ఒక రడ్జ్ మోటారుసైకిల్ కొని, ముక్క ముక్కగా విప్పి, మళ్లీ బిగించడంతో. ఆ భాగం మనకి పట్టదు.

మన ఈ రోగం కంపెనీలకి బాగా కలిసొచ్చింది. వినియోగదారుడు ఎలాగూ ముట్టడు, ఇక బయటి మెకానిక్‌ని కూడా ముట్టనివ్వకపోతే సరి. ఇది నా అనుమానం కాదు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకి కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరీక్షించే పరికరాలు బయటి షెడ్లకి దొరక్కుండా చేశారని. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ "రిపేరు హక్కు" మీద కమిటీ వేసింది, అందులో కార్లూ ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లోనే ఈ హక్కుకి ఓటేశారు. మనం అదే 2022లో ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 600 నుంచి 5,000 చేసుకున్నాం. పాత కారు పొగ ఎక్కువ వదులుతుందన్నది నిజమే, ఆ వాదన నేను కొట్టిపారెయ్యను. కానీ నా కారు స్క్రాపుకి పోబోయింది పొగ వల్ల కాదు. ఒక పిన్ను మీద చిలుము వల్ల.

సరే, ఒక మంచి ప్రశ్న ఉంది. ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, మీరే చేసుకుంటే ఆ మెకానిక్ పొట్టకొట్టినట్టు కాదా?" కవి ప్రశ్న కంటే ఇది బరువైనది. రెండు రోజులు ఆలోచించాను. భాయ్‌నే అడిగాను. ఆయన నవ్వి, నీళ్లు తుడిచే పనితో తన పొట్ట నిండదన్నాడు. తన పొట్టకొట్టేది స్కానర్‌కి ఏటా కట్టే చందా, పాస్‌వర్డ్ లేకపోతే తెరుచుకోని కంప్యూటర్లు అన్నాడు. పైగా నేను సగం చేసి చెడగొట్టుకొచ్చినవే ఆయనకి మంచి గిరాకీ. ఒక మాట మాత్రం నా అనుభవం: సీటు ఒకసారి విప్పి బిగించినవాడు లేబర్ ఛార్జీ దగ్గర బేరమాడడు. ఆ బోల్టు దగ్గర నడుము ఎలా పోతుందో వాడికి తెలుసు.

చేయకూడనివీ ఉన్నాయి. బ్రేకులు నేను ముట్టను, ఎయిర్‌బ్యాగ్ విప్పను. 2000ల మొదట్లో మెర్సిడెస్ ఈ-క్లాసులో వచ్చిన ఎస్‌బీసీ బ్రేకు సంగతి విన్నాక ఒట్టు పెట్టుకున్నాను. దాని పంపు మీరు బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో లెక్కపెట్టుకుంటుంది, లెక్క నిండితే హెచ్చరిక వెలిగిస్తుంది. డోర్ తీసినా తనంతట తను ప్రెషర్ ఎక్కిస్తుంది, దాన్ని నిద్రపుచ్చకుండా ప్యాడ్లు మారుస్తుంటే వేళ్లు నలిగిపోతాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరేవాడు ధైర్యవంతుడు కాదు, మూర్ఖుడు. కానీ జారిపోయే అద్దం, వేలాడే సీలింగ్ గుడ్డ, పగిలిన ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంకు (చల్లారాకే మూత తీయాలి), లూజైన ఎర్త్... ఈ కార్లు మూలన పడటానికి సగం కారణాలు ఇవే. వీటికి కావలసింది ధైర్యం కూడా కాదు, ఒక ఆదివారం.

సాహిత్య మిత్రులకి ఇంకో ఫిర్యాదు. మీలో చాలామంది అల్మారాల్లో పిర్సిగ్ పుస్తకం ఉంది, 1974 నాటి ఆ మోటారుసైకిల్ పుస్తకమే. అందులో బీఎమ్‌డబ్ల్యూ బైకున్న స్నేహితుడు గుర్తున్నాడా? హ్యాండిల్ లూజైతే బీరు డబ్బా రేకు ముక్క పెట్టి బిగిద్దామంటే వాడికి అవమానమైపోతుంది. నా దిగ్గజ బండికి డబ్బా రేకా అని. ఆ పుస్తకాన్ని కాఫీ కప్పు పక్కన పెట్టి ఫొటో తీసే మనం కథలో ఆ స్నేహితుడిమే. ఇంగ్లండులో హేన్స్ అనే ఆయన 1966 నుంచి కారు కారుకీ రిపేరు పుస్తకం వేశాడు, నిజంగా కారు విప్పి, ఫొటోలు తీసి. నా అల్మారాలో ఉన్న తెలుగు పుస్తకాల్లో ఒక బోల్టు ఎటు తిప్పితే వదులవుతుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. మాటలు లేక కాదు. పానా, జాకీ, బుష్షు, సెల్ఫు, మర పోవడం, షార్ట్ కొట్టడం, దమ్ము లాగడం, ఇంజన్ సీజ్ కావడం... భాయ్ షెడ్డులో అరగంట కూర్చుంటే వంద మాటలు వినబడతాయి. మాండలికం కోసం మారుమూల ఊళ్లు తిరిగే మన కథకులు ఆ షెడ్డు ముందునుంచే కారు అద్దాలెత్తుకుని పోతుంటారు.

ఆ కవి నిన్న ఫోన్ చేశాడు. తన కారు ఏసీ వేస్తే తడి గుడ్డ వాసన వస్తోందట, సర్వీస్ సెంటర్ వాళ్లు డాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారట. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, ముందు అది తీసి చూడు అన్నాను. "నువ్వొచ్చి తీస్తావా?" అన్నాడు. రానన్నాను. నాకు వచ్చే ఆదివారం ముందు ఎడమ అద్దం పనుంది. క్లిప్పు కోసం చెప్పి పది రోజులైంది, ఇంకా రాలేదు. ప్రస్తుతానికి అద్దం రెండు చెక్క మేకుల మీద నిలబడి ఉంది.