పంటికి వైద్యం దొరికింది, మాటకే కరువు

గోదావరిఖని చౌరస్తా నుండి లక్ష్మీనగర్ వైపు నడిచే వారికి దంత వైద్యశాలల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. కొత్త కుర్చీలు, ఎక్స్‌రే యంత్రాలు, చల్లని గదులు వచ్చాయి. ఇది సంతోషించదగిన మార్పే. అయితే మా ప్రశ్న యంత్రాల గురించి కాదు. ఆ కుర్చీలోంచి లేచి ఇంటికి చేరిన మనిషి తన నోటి గురించి ఏమి తెలుసుకొని వస్తున్నాడు? నొప్పి ఎందుకు వచ్చిందో, మళ్ళీ రాకుండా ఏమి చేయాలో, వేసుకోమన్న మందు ఎన్నాళ్ళు వాడాలో అతనికి ఎవరైనా అర్థమయ్యేలా చెప్పారా? మేము గమనించినంతలో ఈ ప్రశ్నలకు వచ్చే జవాబు నిరాశాజనకంగానే ఉంది.

ఉద్యోగ విరమణ అనంతరం మా బస్తీలోని వృద్ధులను, ఒంటరి స్త్రీలను వెంటబెట్టుకొని ఆస్పత్రులకు వెళ్ళడం మాకు అలవాటైంది. దంత వైద్యశాలల్లో మేము తరచుగా విన్న సందేశం ఒక్కటే: "రోజూ రెండుసార్లు బ్రష్ చేయండి." గోడ మీద టూత్‌పేస్టు కంపెనీ వారి చిత్రపటం ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. చీటీ ఇంగ్లీషులో, బిల్లు ఇంగ్లీషులో, చేయబోయే చికిత్స పేరు మూడు ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక వృద్ధురాలికి 'ఆర్‌సీటీ, నాలుగు సిట్టింగులు' అని చెప్పి పంపారు. మొదటి రోజుకే నొప్పి తగ్గింది. నొప్పి తగ్గితే వైద్యం ముగిసినట్టేనని ఆమె అనుకున్నారు. పంటి లోపల కుళ్ళిన భాగాన్ని శుభ్రం చేయడం ఇంకా మిగిలి ఉందని, పైన పెట్టింది తాత్కాలికమైన మూత మాత్రమేనని ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు. కొన్ని నెలలకు ఆ పన్ను తీయించవలసి వచ్చింది. చెల్లించిన డబ్బూ పోయింది, పన్నూ పోయింది. చివరికి "పేషెంటు ఫాలోఅప్‌కు రాలేదు" అన్న మాట మాత్రం ఆమె మీద పడింది.

మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపిన వాళ్ళం. అక్కడ ఒక నియమం ఉండేది. నోటీసు పంపినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. అది చేరవలసిన వ్యక్తికి చేరినట్టు సంతకం రావాలి. సంతకం లేని నోటీసు మా కార్యాలయంలో అందనట్టే లెక్క. వైద్యుడి మాటకు కూడా ఇదే నియమం వర్తించాలి. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తల ఊపుతారు, ముఖ్యంగా పేదవారు, చదువు లేనివారు, పెద్ద డాక్టరు ఎదుట బిడియపడేవారు. ఆ తల ఊపడం చేరినట్టు సంతకం కాదు. "అమ్మా, ఇంటికి వెళ్ళి ఏం చేస్తారో ఒకసారి మీరు చెప్పండి" అని అడిగి, ఆమె చెప్పింది విని, తప్పుంటే దిద్దినప్పుడే మాట చేరినట్టు. వైద్య విద్యలో ఈ పద్ధతికి చక్కని గుర్తింపు ఉంది. దీనికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు, రెండు నిమిషాల సమయం చాలు.

"చదువురాని వారికి ఎంత చెప్పినా అర్థం కాదు" అని కొందరు వైద్యులు అంటూ ఉంటారు. ఈ మాట మరెక్కడైనా చెల్లుతుందేమో గాని బొగ్గుగనుల నేల మీద చెల్లదు. 1920లో సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడినప్పటి నుండి ఈ బావుల్లోకి దిగిన వారిలో అక్షరం రాని వారు వేలాది మంది. పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి బండ గట్టిగా ఉన్నదో వదులైందో చెప్పగలిగే వారు. గ్యాసు అంటే ఏమిటో, దిమ్మె ఎక్కడ పెట్టాలో, ప్రమాదం వస్తే ఏ దారిన బయటపడాలో వారికి తెలుసు. ఎలా తెలిసింది? నేర్పితే తెలిసింది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు కార్మికుడికి శిక్షణ ఇవ్వకుండా పనిలో పెట్టరాదన్నాయి. ఆ శిక్షణ చేతితో చూపించి, మళ్ళీ చేయించి, పరీక్షించి ఇచ్చారు. ఇంగ్లీషు మాటలను సైతం ఈ ప్రజలు తమవిగా చేసుకున్నారు. ఇంక్లైను, షిఫ్టు, మస్టరు ఈనాడు తెలుగు మాటలే. ఎనిమిదవ ఇంక్లైను పక్కన వెలసిన కాలనీ 'యైటింక్లయిన్ కాలనీ'గా మారి, ఆ పేరుతోనే ఉత్తరాలు అందుకుంటున్నది. ఇంత నేర్చుకున్న ప్రజలకు చిగుళ్ళ జబ్బు గురించి చెబితే అర్థం కాదనడం న్యాయమేనా?

అర్థం కాకపోవడం వల్ల జరిగే నష్టం ఒక పన్నుతో ఆగేదైతే మేము ఇంతగా రాయనవసరం లేదు. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టు తీసుకుపోవడం నిషిద్ధం. మండే వాయువు ఉండే చోట అది తప్పనిసరి నియమం. కాని పొగ తాగలేని ఆ గంటల్లో ఎందరో కార్మికులు ఖైనీకి, జర్దాకు, గుట్కాకు అలవాటు పడ్డారు. తంబాకు నలిపి పెదవి కింద పెట్టుకొని షిఫ్టు గడపడం తండ్రుల నుండి కొడుకులకు వచ్చింది. ఇప్పుడు గని ముఖం చూడని ఆటో డ్రైవర్లు, మెకానిక్కులు, కాలేజీ పిల్లలు కూడా అదే బాటలో ఉన్నారు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది. తంబాకు కలపని సుపారీ నిరపాయకరమన్న భ్రమ మన పెళ్ళి పందిళ్ళలో నేటికీ కొనసాగుతున్నది.

నోటి క్యాన్సర్‌కు ముందు నోరే హెచ్చరిక ఇస్తుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, రుద్దినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారం తగిలితే భరించలేని మంట, మూడు వేళ్ళు పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం ఆ హెచ్చరికలు. ఈ నాలుగు సంగతులను దంత వైద్యుడు ప్రతి రోగికీ అద్దంలో చూపించి చెప్పగలడు. నోరు తెరిపించి చూసేది ఆయనే కదా! అక్కడ చెప్పని మాట ఆలస్యంగా, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి వరుసలో తెలియడం ఎంతటి విషాదం!

ముస్లిం కుటుంబాల విషయంలో మరికొన్ని అడ్డుగోడలున్నాయి. మొదటిది భాష. మన ఇళ్ళలో మాట దక్కనీ, పిల్లల చదువు తెలుగు లేదా ఇంగ్లీషు. పెద్దల్లో కొందరికి ఉర్దూ అక్షరాలే వచ్చు, కొందరికి ఏ అక్షరాలూ రావు. కనుక ఉర్దూ బోర్డు ఒకటి తగిలిస్తే సమస్య తీరుతుందని మేము అనడం లేదు. బొమ్మ కావాలి, నోటి మాట కావాలి, ఆ మాట ఇంటి భాషకు దగ్గరగా ఉండాలి. రెండవది, స్త్రీ రోగి ఎదుటే ఉన్నా వైద్యుడు వెంట వచ్చిన భర్తతోనో కుమారుడితోనో మాట్లాడటం. పన్ను ఆమెది, నొప్పి ఆమెది, ఇంటిల్లిపాది పళ్ళు తోమించేదీ ఆమే. ఆమెతో మాట్లాడకపోవడాన్ని మర్యాదగా భావించరాదు.

మూడవది, దురభిప్రాయాలు. పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందని, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని, చిగుళ్ళ నుండి రక్తం వస్తే బ్రష్ ఆపాలని మన వాడల్లో నమ్మేవారున్నారు. ఇవి మూడూ తప్పే. గార పట్టిన చిగురు వాచి రక్తం కారుతుంది. శుభ్రం చేయడమే దానికి మందు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. ఈ ముడి గురించి షుగరు రోగులకు చెప్పేవారు ఎందరు?

రంజాన్ నెలలో పంటి నొప్పిని ఓర్చుకొని ఈద్ తరువాత వెళదామనుకునే వారు మరెందరో. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, ఏదీ గొంతులోకి మింగకుండా జాగ్రత్త పడితే పన్ను తీయించుకోవడం, రంధ్రం పూడ్పించుకోవడం, మిస్వాక్ లేదా బ్రష్ చేయడం ఉపవాసాన్ని భంగపరచవని తీర్మానించింది. మిస్వాక్‌ను దైవప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో, వుజూలో నోరు పుక్కిలించడం ఎలా భాగమైందో మనకు తెలియనిది కాదు. నోటి శుభ్రత మనకు కొత్తగా నేర్పవలసిన విలువ కాదు. ఉన్న విలువకు నేటి వైద్య జ్ఞానాన్ని జోడించడమే మిగిలిన పని. మిస్వాక్ వాడే వారికి ఫ్లోరైడు పేస్టు అవసరమేమిటో, బొగ్గు పొడి, ఇటుక పొడి పంటి పైపొరను ఎలా అరగదీస్తాయో గౌరవంతో చెప్పే వైద్యుడి మాటను మన సముదాయం తప్పక వింటుంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కుల విషయం. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చాలినంత సమాచారం పొంది రోగి ఇచ్చిన సమ్మతియే చెల్లుబాటయ్యే సమ్మతి అని స్పష్టం చేసింది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం, జబ్బు గురించి, చికిత్స గురించి రోగికి తెలిసిన భాషలో, అతని స్థాయికి తగినట్టు వివరించాలన్నది. తెలంగాణలో 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. కార్యాలయాల బోర్డులకే ఆ హోదా పరిమితమైతే దాని వల్ల సామాన్యుడికి ఒరిగేదేమిటి?

ఈ లోపం మన ఊరికే పరిమితం కాదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 2007లో డియామాంటె డ్రైవర్ అనే పన్నెండేళ్ళ బాలుడు పుచ్చిన పన్ను నుండి మెదడుకు పాకిన ఇన్ఫెక్షన్‌తో మరణించాడు. సకాలంలో పన్ను తీసి ఉంటే దక్కవలసిన ప్రాణమది. ఆ మరణం తరువాత అక్కడి ప్రభుత్వం పేద పిల్లల దంత వైద్యాన్ని విస్తరించింది. పరిశోధకులు దంత వైద్యశాలలకు వెళ్ళి, బోర్డులు, కాగితాలు, సిబ్బంది మాటతీరు రోగికి అర్థమయ్యేలా ఉన్నాయో లేదో పరిశీలించారు. అంత సంపన్న దేశంలో చేయవలసి వచ్చిన పరిశీలన మన పెద్దపల్లి జిల్లాలో ఎందుకు చేయరాదు?

వైద్యుల ఇబ్బందులు మాకు తెలియనివి కావు. అద్దెలున్నాయి, యంత్రాల అప్పులున్నాయి, బయట వరుస ఉంది. మాట్లాడిన దానికి ఎవరూ రుసుము ఇవ్వరు. నొప్పి ముదిరే దాకా రాని రోగులదీ కొంత బాధ్యతే. అయినా విడమరచి చెప్పిన వైద్యుడి దగ్గరికే రోగి మళ్ళీ వస్తాడు, పదిమందిని తీసుకొస్తాడు. మాట వైద్యంలో భాగమే.

కనుక మా విజ్ఞప్తులు ఇవి. ప్రైవేటు దంత వైద్యశాలలు చికిత్స దశలను, ఖర్చును, ఇంటి వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుగులో, ఉర్దూలో, బొమ్మలతో ఒక కాగితం మీద ఇవ్వాలి. ఆ కాగితాన్ని చదివి వినిపించే బాధ్యతను సిబ్బందిలో ఒకరికి అప్పగించాలి. సింగరేణి యాజమాన్యం కార్మికులకు నిర్ణీత కాలానికి జరిపే వైద్య పరీక్షలో నోటి పరీక్షను, తంబాకు మాన్పించే సలహాను శ్రద్ధగా చేర్చాలి. కార్మిక సంఘాలు దీన్ని కోరాలి. ముప్పై ఏళ్ళు దాటిన వారికి నోటి క్యాన్సర్ పరీక్ష జాతీయ కార్యక్రమంలో ఉన్నది. అది రామగుండం వాడవాడలో నిజంగా జరిగేలా జిల్లా వైద్య శాఖ చూడాలి. కంపెనీ ఆస్పత్రి గడప తొక్కే అర్హత లేని ఆటో డ్రైవరు, తోపుడుబండి వ్యాపారి, ఇళ్ళలో పనిచేసే స్త్రీ అక్కడ ముందుండాలి.

మన వంతు కూడా ఉంది. మస్జిద్ కమిటీలు ఏడాదిలో ఒక జుమా ప్రసంగాన్ని నోటి ఆరోగ్యానికి, తంబాకు నష్టానికి కేటాయించవచ్చు. మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం. ఆ వారంలో మదర్సాలో ఒక దంత వైద్యుణ్ణి పిలిచి తల్లులతో నేరుగా మాట్లాడించవచ్చు. పెళ్ళిళ్ళలో సుపారీ పళ్ళేన్ని పక్కన పెట్టవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరు ఎదుట ఊరకే తల ఊపడం మానాలి. "డాక్టరు గారూ, నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనే మాటలో అవమానం లేదు. అలా అడగడం రోగి హక్కు. విసుక్కోకుండా మళ్ళీ చెప్పడం వైద్యుడి విధి.