దిగిపోవడానికీ హిమ్మత్ కావాలి

2002 మార్చి 3, ఆదివారం. అప్పుడు నేను తెలుగు డిగ్రీ చదువుతున్నాను. పొద్దున్నే ఖబర్ వచ్చింది. మా అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి ఎక్కిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిందని. ఆయన, పైలట్, భద్రతాధికారి ముగ్గురూ పోయారు. అమ్మీ తస్బీ పక్కన పెట్టి "తక్దీర్ బేటా" అంది. తర్వాత యానాం-ఎదుర్లంక వంతెనకి ఆయన పేరు పెట్టుకున్నాం.

ఆ రోజు గాల్లో ఏం జరిగిందో ఫైసలా చెప్పడం నా పని కాదు. తక్దీర్ మీద నాకూ యకీన్ ఉంది. కానీ ఆ మాట చెప్పి మనం సవాళ్లు అడగడం మానేస్తున్నామేమో!

ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 లాంటి చిన్న విమానం 3,000 అడుగుల ఎత్తు నుంచి, గంటకు సుమారు 120 కిలోమీటర్ల వేగం నిలుపుకుంటే, దాదాపు 8 కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లగలదు. హెలికాప్టర్ పైలట్ వెంటనే రెక్కల వాలు తగ్గిస్తే, కింద నుంచి తోసుకొచ్చే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి. అయితే రెండింటికీ ఖాళీ జమీన్ కావాలి. మన కోనసీమలో అదెక్కడ? కొబ్బరి తోటలు, కాలువలు, చెరువులు, గట్ల వెంట కరెంటు తీగలు.

అందుకే ఇంజన్ ఇంకా నడుస్తుండగానే నిర్ణయం తీసుకోవాలి. చప్పుడు మారిందా, ఆయిల్ ప్రెషర్ తగ్గిందా, మబ్బు కమ్మిందా, దగ్గర్లోని మైదానంలో దిగిపోవాలి, లేదా వెనక్కి తిరగాలి. 2009 సెప్టెంబర్ 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలిన కేసులో, గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సమస్యకు దారి వెతుకుతూ పైలట్లు విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని, వాతావరణమూ బాగాలేదని దర్యాప్తు కమిటీ చెప్పింది.

మరి పైలట్ ముందే జాగ్రత్తపడి పొలంలో దించితే మనమేం చేస్తాం? సెల్‌ఫోన్లతో పరిగెడతాం. పత్రికల్లో మేం "తృటిలో తప్పిన ముప్పు" అని రాస్తాం. నేనూ రాశాను, అది నా గలతీ. అలా దిగడం పైలట్ వైఫల్యం కాదు, అతని కామ్‌యాబీ. నాయకుడి సభ పోతే పోనీ, "ఈ గాలిలో వెళ్లను సార్" అన్న పైలట్ నౌకరీ పోకూడదు. ఆ మాట అనే ఇజ్జత్ అతనికి లేనప్పుడు ఎంత మంచి ఇంజన్ ఉండి ఏం లాభం?

జనం కూడా దూరంగా నిలబడాలి. కారిన ఇంధనం దగ్గర బీడీ వెలిగించకూడదు. ముందు 112కి ఫోన్ చేయాలి, ఫొటోలు తర్వాత.

ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. రేపు మీ బాబో బిటియానో పైలట్ కోర్సులో చేరితే, దువాతో పాటు ఈ మాటా చెప్పి పంపండి: "వెనక్కి తిరిగొస్తే బేఇజ్జతీ కాదు నాన్నా. ఇంటి తలుపు తెరిచే ఉంటుంది."