కొండరెడ్డి వాకిట కెమెరా

నిడదవోలునుండి బయలుదేరి, రాజమహేంద్రవరము మీదుగా సాగి పాపికొండల లాంచీ యెక్కు మనవారిలో చేత కెమెరాయో సెల్‌ఫోనో లేనివారు నేడు కానరారు. ఆఫ్రికా అరణ్యములకు పోయి సింహములను, మసాయి జనులను ఒకే చూపుతో చిత్రించి తెచ్చు సంచారుల అలవాటే మన గోదావరి గట్టులకును చేరినది.

1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయోద్యానముగాను ప్రకటింపబడిన ఆ కొండలలోని అడవిదున్నను, దూరమున నిలిచి, బెదరింపక చిత్రించుటలో దోషమేమియు లేదు. కాని పేరంటపల్లి రేవున వెదురు వస్తువులమ్ముకొను కొండరెడ్డి తెగ స్త్రీని ఒక్క మాటైన పలుకరింపక, ఆమె ముఖముమీదికి కెమెరా నెత్తుట నా దృష్టిలో అమర్యాద. మనమామె వాకిటికి వచ్చిన అతిథులము.

1940 తరువాతి తొలి సంవత్సరములలో హైమెండార్ఫ్ అను మానవశాస్త్రవేత్త ఈ కొండరెడ్ల నడుమ నివసించి, వారి పోడు వ్యవసాయమును, పండుగలను, కడగండ్లను పరిశీలించి, 1945లో వారినిగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అతడు తీసిన ఛాయాచిత్రములు నేటికిని లండనులో భద్రముగానున్నవి. వాటి విలువ, అతడా జనులతో గడపిన కాలమునుండి పుట్టినదని నా నమ్మకము.

పోలవరము జలాశయము నిండినచో వీరి గ్రామములనేకము మునుగును. అప్పుడా యిండ్ల చిత్రములు మనకంటె వారి బిడ్డలకే ఎక్కువ అవసరమగును. కావున లాంచీ యెక్కు సోదరులారా, ముందు పేరడిగి, సమ్మతి పొంది, పిదప చిత్రము తీయుడు. మరల పోవునపుడు దాని ప్రతినొకటి అచ్చొత్తించి వారి చేతికిండు.