వట్టి పళ్లెము

మా యింటి పిల్లలకు మీలాదున్నబీ యనగా బడికి సెలవు. 1990వ సంవత్సరమున వి. పి. సింగుగారి ప్రభుత్వము దేశమంతటికిని ఆ సెలవును ప్రకటించినది మొదలు, పంచాంగము నెరుగని పిల్లలకు గూడ ఆ పేరు తెలిసినది. మా అత్తగారు మాత్రము ఆ దినమును బారా వఫాతు అనియే యనెడివారు. బారా యనగా పండ్రెండు, వఫాతనగా మరణము. రబీ ఉల్ అవ్వల్ మాసమున పండ్రెండవ దినమున ప్రవక్తగారు మక్కాలో జన్మించిరనియు, క్రీ. శ. 632లో ఆ దినముననే మదీనాలో దేహము చాలించిరనియు ముస్లిములలో బహుళముగా వాడుకలోనున్న మాట. పుట్టుకను, మరణమును ఒక్కనాడే తలచుకొని పండుగ యెట్లు చేయుదురో మేము చాలకాలము విచారింపలేదు. విచారింపజేసినది ఒక పళ్లెము.

అప్పుడు మేము అహోబిలము త్రోవలోని ఆళ్లగడ్డలో నుంటిమి. మావారు బడిపంతులగుటచే, బదిలీ యైనచోటికి పెట్టెలు సర్దుకొని పోవుట మాకలవాటు. మా ప్రక్కవాటాలో నొక వృద్ధురాలు, బీబమ్మగారు, కాపురముండెడివారు. మేము చేరిన తొలియేడు బారా వఫాతునాడు ఆమె మనుమడు గుడ్డ కప్పిన పళ్లెము తెచ్చి మా యరుగుమీద పెట్టిపోయెను. జర్దా యను తీపియన్నము, ఘుమఘుమలాడు నేతివాసన. మా యింట పరుల వంట ముట్టెడి యాచారము లేదు. దానిని పనిమనిషి చేతికిచ్చి, పళ్లెము తోమించి, వట్టిదిగా తిప్పి పంపితిమి. ఇచ్చిన పాత్రను వట్టిదిగా పంపరాదని మా తల్లిగారు చిన్ననాడే నేర్పిరి. ఆనాడు ఆ మాట గుర్తునకు రాలేదని చెప్పుట తేలిక. వచ్చినను మేము లెక్కచేయలేదనుట నిజము.

మరుసటియేడు ఆ పిల్లవాడే ఆ పళ్లెమునే తెచ్చెను. గుడ్డ తీసి చూతుము గదా, సోలెడు బియ్యము, బెల్లపుగడ్డ, జీడిపప్పు, ఖర్జూరములు, నాలుగు అరటిపండ్లు! మన యిండ్లలో పురోహితునకిచ్చు స్వయంపాకమునకును దానికిని భేదము లేదు. ఒక్క మాట యనక, మొగము ముడువక, మా యాచారమును మాకంటె మర్యాదగా ఆమె కాపాడినది. మాకు తలకొట్టివేసినట్లయినది. వెంటనే వారి గడపకు పోయితిమి.

లోపల ఏడెనిమిదేండ్ల ఆడపిల్ల యొకతె చాపమీద కూర్చుండి తినుచుండెను. బీబమ్మగారు ప్రక్కన కూర్చుండి ముద్దలు కలిపి పెట్టుచుండిరి. ఇంటివారెవ్వరు నింకను ముట్టలేదు. పండుగనాడు మిమ్ము చూచిపోవ వచ్చితిమంటిమి. ఆమె నవ్వి యిట్లనిరి: “పుట్టిన దినమొకటే గాదు పంతులమ్మా, పోయిన దినం గూడా ఈ పొద్దే. అందుకే మా యింట్లో ఎగిరి దుంకేది లేదు. అమ్మా నాయనా లేని బిడ్డకు ముందు పెట్టి, ఆమీద మేం తింటాం. ఆయన గూడా అట్లా పెరిగినాయనే గదా!”

మేము ఇంట చదువుకొన్నది భారత భాగవతములు. ఆ మహనీయుని బాల్యము మాకప్పటికి తెలియదు. పిదప తెలిసికొంటిమి. ఆయన పుట్టకమునుపే తండ్రి అబ్దుల్లా గతించెను. మక్కావారి యాచారము చొప్పున పసివానిని ఎడారి గుడారములలో హలీమా యను దాది పాలిచ్చి పెంచినది. ఇచ్చట మాకు యశోద తలపునకు వచ్చినది. కాని కృష్ణునకు మథురలో కన్నవారు కాచుకొనియుండిరి. ఈ బిడ్డకు ఆరేండ్లు వచ్చునప్పటికి తల్లి ఆమినాయు, ఎనిమిదేండ్లకు తాతగారును పోయిరి. పిమ్మట పెంచినవాడు పెదతండ్రి అబూ తాలిబు. ఖురానులోని 93వ అధ్యాయము ఆయనకు ఆ దిక్కులేనితనమును జ్ఞాపకముచేసి, అనాథను కసరవద్దనియు, అడుగవచ్చినవానిని గద్దింపవద్దనియు శాసించును.

ప్రవక్తగారు తాము ఏర్పరచిన పండుగ కాదు గావున దీనిని జరుపరాదను పండితులును ముస్లిములలో కలరు. ఆ వాదము వారిది. అనాథకు అన్నము పెట్టుటలో మాత్రము ఇరుపక్షములకును వాదము లేదు.

మనకును మరణమును తలచుకొను పర్వము లేకపోలేదు. మాఘ శుద్ధాష్టమినాడు, కొడుకులు లేని భీష్మపితామహునకు ఎవరెవరో నీళ్లు విడుచుదురు గదా!

ఇప్పుడు మేము నంద్యాలలో నున్నాము. ఇచ్చట పచ్చజెండాలు, దీపతోరణములు, ప్రవక్తను కీర్తించు నాతులు పాడుచు పోవు ఊరేగింపులు, వీధి మొగలలో షరబత్తు. మైకుల మోతలో మాత్రము వినాయకుని పందిళ్లవారును వీరును ఒకరికొకరు తీసిపోరు. ప్రక్కింట బాలెంత యున్నదని తలచువారు అరుదు. ముస్లిముల సంవత్సరము 354 దినములది, అధికమాసము లేదు. మన లెక్కలో అధికమాసము పడని యేండ్లలో రెండును జోడుగా నడచును. అందుచేతనే 2023 మొదలు 2025 వరకు మూడేండ్లు మీలాదు భాద్రపదమున అనంతచతుర్దశి దరిదాపులనే వచ్చినది. 2026లోని అధిక జ్యేష్ఠముతో ఆ జత విడిపడి శ్రావణములోనికి జరుగును. 2023లో హైదరాబాదున నిమజ్జనమును మీలాదును సెప్టెంబరు 28ననే పడగా, ముస్లిము పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకొనిరి. తరువాతి రెండేండ్లును అట్లే వాయిదా వేసికొనిరి. ఆ వార్త చదివినప్పుడు మాకు ఆళ్లగడ్డ బియ్యపు పళ్లెమే కన్నులకు కట్టినది.

ఆ బియ్యము నేమి చేసితిరని మీరడుగవచ్చును. ఆ పూటనే పరమాన్నము వండి, గిన్నెతో ఆ పళ్లెములోనే పెట్టి, పనిమనిషిని పంపక మేమే తీసికొనిపోయితిమి. ఆ పిల్ల అప్పటికే కడుపునిండ తిని వాకిట ఆడుకొనుచుండెను. బీబమ్మగారు మూత తీసి చూచి, మాతో నేమియు ననక, ముందుగా ఆ పిల్లను మరల లోపలికి పిలిచిరి.